గుర్తించటమంటే యేమిటి?

మనుషుల అక్రమ రవాణాను గురించి అధ్యాపకులకు ఒకరోజు శిక్షణ జరిగింది. జాతీయ సేవా పథకం బాధ్యత నామీద వుండటం చేత మా కళాశాల తరఫున నేను వెళ్లాను. సాయంకాలం అందరికీ ఒక అచ్చుకాగితం పంచిపెట్టారు. బాధితులను ఆనవాలు పట్టే గుర్తులు అందులో వరసగా వున్నవి. ముందే అప్పు ఇచ్చి తెచ్చి వుండటం. పని వదిలి వెళ్లే స్వేచ్ఛ లేకపోవటం. గుర్తింపు కాగితాలు మరొకరి చేతిలో వుండటం. మనం అడిగినదానికి మరొకరు జవాబు చెప్పటం. చదువుతూ వుంటే కొత్త సంగతి ఒక్కటీ కనబడలేదు. యెనిమిదేళ్లుగా నేను రోజూ దాటిపోయే ఇటుకబట్టీ కనబడింది.

గత వేసవిలో ఒక రాత్రి మందులషాపు దగ్గర ఆ బట్టీలో పనిచేసే స్త్రీ ఒకామె జ్వరంతో వున్న బిడ్డను ఎత్తుకొని నా పక్కన నిలబడింది. యెన్నాళ్ల నుంచి జ్వరమని షాపతను అడిగితే వెంట వచ్చిన మేస్త్రీ చెప్పాడు. పాలు తాగుతున్నాడా అంటే అదీ మేస్త్రీయే చెప్పాడు. డబ్బిచ్చి, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆమెకు తెలుగు రాదు కాబోలు అనుకొని, నా మాత్రలు నేను తీసుకొని ఇంటికి వచ్చాను. ఆ రాత్రి నాకు తెలియనిది యేమిటి? తెలియక వూరుకున్నానా, వూరుకోవటానికి వీలుగా తెలుసుకోకుండా వున్నానా?

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. 1892లో మొదట ప్రదర్శింపబడిన "కన్యాశుల్కం"లో ఆడపిల్లను అమ్ముతున్నారని తెలియనివాడెవడు? అగ్నిహోత్రావధాన్లుకు తెలుసు, లుబ్ధావధాన్లుకు తెలుసు, వూరందరికీ తెలుసు. కాని దాన్ని అమ్మకమని యెవరూ అనరు. పెళ్లి అంటారు, సంబంధం అంటారు. పెద్ద కూతురు వితంతువై ఇంట్లో కళ్లెదుట తిరుగుతూ వుండగానే చిన్నదానికి బేరం కుదురుతుంది. గురజాడ చేసిన పని ఆ సంఘానికి కొత్త సమాచారం అందించటం కాదు. వాళ్లకు తెలిసినదాన్నే దాని అసలు పేరుతో పిలవటం. గుర్తించటమంటే మొదటి అర్థం ఇదే అని నా అభిప్రాయం.

అయితే మనం పెట్టుకున్న పేరే సగం పొరపాటుకు కారణమవుతున్నది. "అక్రమ రవాణా" అనగానే గంజాయీ, యెర్రచందనమూ, అర్ధరాత్రి లారీలూ, సరిహద్దులూ మనసులో మెదులుతవి. ఐక్యరాజ్య సమితి 2000లో ఆమోదించిన ఒప్పందం, దానికి అనుగుణంగా 2013లో మన శిక్షాస్మృతిలో మార్చి రాసిన 370వ సెక్షను, 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన న్యాయ సంహితలో 143వ సెక్షను - ఇవన్నీ చూసేది మూడు సంగతులు: మనిషిని చేర్చుకోవటమో తరలించటమో జరిగిందా, అందుకు మోసమో బలవంతమో ఆశ చూపటమో వాడారా, ఉద్దేశం దోపిడీయేనా. లారీ లేకపోయినా నేరం నేరమే. పట్టపగలు, టిక్కెట్టు కొని, రైలులో అందరి యెదుట తీసుకువచ్చినా నేరమే.

"వాళ్లు ఇష్టపడే వచ్చారు గదా, బయానా తీసుకున్నారు గదా" అని మా సహోద్యోగి ఒకరు అన్నారు. ఈ మాటకు జవాబు చెప్పక తప్పదు. పశ్చిమ ఒడిశాలో బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి మన బట్టీలకు వచ్చే కుటుంబాల సంగతి చూడండి. నువాఖాయి పండుగ వెళ్లేసరికి ఇంట్లో డబ్బుండదు. అప్పుడే సర్దారు వచ్చి బయానా ఇస్తాడు. భార్యాభర్తలూ పిల్లలూ కలిసి ఒక జట్టు. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. వారానికి తిండిఖర్చు మాత్రం చేతికి వస్తుంది. మిగతా లెక్క వానలకు ముందు, బట్టీ ఆగినప్పుడు. లెక్క తెమిలేదాకా కదలటానికి లేదు. ఇందులో "ఇష్టం" యెక్కడ మొదలై యెక్కడ ఆగింది? 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, ఆకలీ పేదరికమూ చేసే వత్తిడి కూడా బలవంతమేననీ, కనీస వేతనం కన్న తక్కువకు పని చేయించటం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేననీ చెప్పింది. ఆకలితో చేసిన సంతకాన్ని స్వేచ్ఛ అనటం తర్కం కాదు, సౌకర్యం.

ప్రజలకు చైతన్యం కలిగించాలి, నిజమే. ఎటువంటి చైతన్యం? 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవని ఫోన్లలో వదంతులు పాకి, మన రెండు రాష్ట్రాలలోనూ దారినపోయేవాళ్లనూ, భిక్షగాళ్లనూ, హిజ్రాలనూ కొట్టారు. ప్రాణాలు పోయినవి. ఆ కొట్టినవాళ్లు కూడా తాము పిల్లల్ని రక్షిస్తున్నామనే అనుకున్నారు. దొంగ యెప్పుడూ పరాయివాడేనని నేర్పిన చైతన్యం ఇలాగే పరిణమిస్తుంది. పనిప్పిస్తానని పిల్లను తీసుకుపోయేవాడు చాలాసార్లు మేనమామ, పక్కింటివాడు, నమ్మకస్తుడైన మేస్త్రీ. పరాయివాణ్ణి అనుమానించటం తేలిక. మన ఇటుకల ధర యెలా తగ్గిందని అడగటం కష్టం.

ఇక ఉద్యోగస్తుల సంగతి. వైద్యుడు బాలిక వయస్సు పందొమ్మిది అని చెబితే అలాగే రాసుకొని మందిస్తాడు. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో "దీర్ఘకాలం గైరుహాజరు" అని రాస్తాడు. అధికారి ఫిర్యాదు రాలేదంటాడు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క ముక్క వుంటుంది. యెవరూ ఇంకొకరి ముక్క అడగరు. ఎవరూ అబద్ధమాడనక్కరలేదు, యెవరి పని వారు చేస్తే చాలు, అన్యాయం సాగిపోతుంది. కాబట్టి శిక్షణ గుర్తుల పట్టికతో ఆగకూడదు. చూసింది యెవరికి చెప్పాలో, చెప్పిన తరువాత యేమవుతుందో కూడా నేర్పాలి. పిల్లలైతే 1098, న్యాయసహాయానికి 15100 అని చెప్పటం ఆరంభం మాత్రమే. వెట్టి కార్మికులను విడిపించి రైలెక్కించినంత మాత్రాన విముక్తి కాదు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద విడుదల పత్రం చేతికి రావాలి. 2016 నాటి కేంద్ర పథకం పురుషునికి లక్ష రూపాయలు, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షలు, దారుణమైన సందర్భాలలో మూడు లక్షలు పునరావాసానికి నిర్ణయించింది. ఆ పత్రం లేకపోతే మళ్లీ పండుగ వస్తుంది, మళ్లీ సర్దారు వస్తాడు.

అన్నిటికన్న ముందు వాళ్లను అడగాలి. వాళ్లను గురించి కాదు, వాళ్లనే. ఒడియా వచ్చిన మనిషిని వెంటబెట్టుకొని, మేస్త్రీ లేనప్పుడు, ఏం కావాలని అడగాలి. బాధితుడని ముద్ర వేసి నోరు మూయించటం మేస్త్రీ చేసిన పనికి మర్యాదస్తుల రూపం.

మా కళాశాలకు ఇప్పుడు కొత్త గదులు కడుతున్నారు. ఇటుకలు ఆ బట్టీవే. ఈ సంగతి నేను ప్రిన్సిపాలుగారితో అన్నప్పుడు ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, అందరూ అక్కడే కొంటారన్నారు. అబద్ధం కాదు. తెలిసినవాళ్లందరం కలిసి తెలియనట్టు వుండటాన్నే సంఘం ఇంతకాలం అమాయకత్వమని పిలుచుకున్నది. కూలీల హాజరు, చెల్లింపుల పట్టీ చూపనిదే బిల్లు ఇవ్వవద్దని కోరుతూ మేము నలుగురం సంతకాలు చేసి పాలకవర్గానికి అర్జీ ఇచ్చాము. జవాబు ఇంకా రాలేదు. ఆ బిడ్డ జ్వరం తగ్గిందో లేదో కూడా నాకు తెలియదు. ఆనాడు అడగవలసింది, అడగలేదు.