ఇరుగు పొరుగు

క్యాన్‌బెర్రా నగరమునకు ఉత్తరమున, గుంగాలిన్ ప్రాంతములో హారిసన్ అను పేట కలదు. నగర నిర్మాణ ప్రణాళికలో కృషి చేసిన పీటర్ హారిసన్ గారి పేరు దానికి పెట్టిరి. 2019 నుండి ట్రాము బండి ఆ మీదుగా నడచుచున్నది. అక్కడ ఇంటికిని ఇంటికిని నడుమ కంచె యొక్కటే అడ్డము. అట్టి చోట కాపురముండువారికి, పూర్వము ధర్మశాస్త్రమెరిగిన యొకడు యేసు ప్రభువును అడిగిన ప్రశ్న పాతబడినది కాదు. ప్రేమింపవలసిన పొరుగువాడు ఎవడని అతడడిగెను.

ప్రభువు దానికి లక్షణము చెప్పలేదు. కథ చెప్పెను. యెరూషలేమునుండి యెరికోకు పోవు త్రోవలో దొంగలచేత దెబ్బలు తిని పడియున్నవానిని యాజకుడు చూచి తొలగిపోయెను. లేవీయుడును అట్లే చేసెను. యూదులు అంటరానివానిగా నెంచిన సమరయుడు మాత్రము నిలిచి, గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టుకట్టి, తన పశువుపై సత్రమునకు చేర్చెను. సత్రపువానికి రెండు దేనారములిచ్చెను. దేనారమనగా ఆ కాలపు దినకూలి. ఇంకేమైనను ఖర్చైనచో తిరిగి వచ్చినప్పుడు తీర్చెదననెను. కథలో ఈ భాగమును బోధకులు త్వరగా దాటిపోవుదురు గాని, భారమైనది ఇదియే. ఒకసారి జాలిపడుట సులువు, లెక్క మూయకుండ ఉంచుట కష్టము.

లెక్క యనగా నేమో తోటకూలీల బిడ్డలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో ఓడ డర్బను చేరెను. నాటాలునకు వచ్చిన కూలికి మొదటి యేట నెలకు పది షిల్లింగులు, ఐదేండ్ల ఒడంబడిక. రామభజన చేయువారును, తరువాతి కాలమున సువార్త విన్నవారును, అట్టి ఓడలలోనే ప్రక్కప్రక్కన పండుకొని వచ్చిరి.

తెలుగు దేశమున 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైగా కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని ఇచ్చెను. వారిలో అనేకులు మాదిగలు. ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారిని ఆయన ఆపి యుంచెను. కూటికొరకు మతమా యను మాట రాకుండుటకే అట్లు చేసెను. కూలి ఇచ్చినందుకు ప్రతిగా ఆత్మను అడుగరాదని ఆయన యెరుగును. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటి యొద్ద వెల్లంపల్లిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ పెద్ద సంఖ్యను అందరును చెప్పుదురు. దానికి ముందు ఆయన ఆగియున్న నెలలను చెప్పువారు కొందరే.

అట్టి సంఘములలో పుట్టి పెరిగినవారు కొందరు నాటాలులో హ్యూలెట్ దొర కీర్స్‌నీ తేయాకు తోటలలో కూలికి కుదిరిరి. వారికి బోధకుడు లేడు. 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్య గారిని పంపినది అమెరికావారు కారు. తెలుగు బాప్టిస్టుల స్వంత హోం మిషనరీ సొసైటీ. సముద్రమావలనున్న కూలి వారికి పొరుగువాడాయెను. అయినను పదేండ్లు గడచి 1914 వచ్చుసరికి ఆ సంఘములలోనే చీలిక కలిగినది. సముద్రమును దాటిన ప్రేమ ప్రక్క బల్లను దాటలేకపోయినది! స్మారక సంచికలలో దీనిని దాచుట మంచిది కాదు.

నేడు హారిసన్‌ వంటి చోట ప్రక్క బల్ల యేది? ఫిజీనుండియో నాటాలునుండియో వచ్చిన తోటకూలీల మనుమలు ఒక వైపు. హైదరాబాదునుండి ఉద్యోగమునకు వచ్చినవారు మరియొక వైపు. గుడి తరగతిలోను ఆదివారపు బడిలోను నేర్చిన తెలుగు విని క్రొత్తవారు ముసిముసి నవ్వుదురు. ఆ నవ్వునకు పాతవారు నొచ్చుకొని ఇంగ్లీషులోకి మరలుదురు. నొచ్చుకొన్నవారును తప్పు లేనివారు కారు. క్రొత్తగా వచ్చిన యింటిలో చంటిబిడ్డ యున్నదనియు, ఆ తల్లికి తోడెవ్వరును లేరనియు ఎరిగియు, తమను పలుకరింపలేదను కోపముతో వారు కంచె ఇవతలనే నిలిచెదరు.

తెలుగులో పొరుగు అను మాట ఒంటరిగా నిలువదు. ఇరుగు దాని ప్రక్కనుండును. ఈ వైపువాడు, ఆ వైపువాడు. నడుమ నున్నవాడు ఎవరిని ఏరుకొనును?

జూలైలో క్యాన్‌బెర్రా తెల్లవారుజామున కారు అద్దము మీద మంచు గట్టిపడును. చెత్తబండి వచ్చు దినమైనచో ప్రక్కింటివారి డబ్బాను కూడ వీధి అంచునకు లాగి పెట్టవచ్చును. ఆ బాలెంతరాలి యింటికి వేడి చారు పట్టుకొని పోవచ్చును. తలుపు తీసిన అమ్మాయిని, “ఏమమ్మా, బిడ్డ నిద్రపోయెనా?” అని గ్రంథములోని తెలుగుననే అడుగవచ్చును. ఆమె నవ్విన నవ్వనిండు. చారు గిన్నె ఆమె చేతికిచ్చి, ఖాళీ గిన్నెకై రేపు మరల వచ్చెదనని చెప్పి రావచ్చును.