హాస్యపు వంత అడిగిన ప్రశ్న

మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జూన్ 26 వచ్చిందంటే బడుల్లో మత్తుకు వ్యతిరేకంగా ప్రతిజ్ఞలు, ర్యాలీలు. పిల్లలు చెయ్యి చాచి, చెప్పించింది చెప్పి ఇంటికెళ్లిపోతారు. అమెరికాలో 1983లో మొదలైన డేర్ కార్యక్రమంలో పోలీసులే తరగతులకొచ్చి పాఠాలు చెప్పారు. ఆ తొలినాటి పద్ధతివల్ల వాడకం పెద్దగా తగ్గలేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

అదే తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక బుర్రకథ రాయించి చూడండి. కథకుడు తంబురా మీటుతూ గంజాయి సంగతి ఎత్తుకుంటాడు. పక్కనున్న హాస్యపు వంత, "ఒక్కసారికి ఏమవుతుందిలే అన్నా?" అని అడ్డం పడతాడు. చాలామంది పిల్లల మనసులో మెదిలే ప్రశ్నే అది. పెద్దల ముందు నోరు తెరిచి అడగలేరు. ఇప్పుడు జవాబు వాళ్లే వెతకాలి. తొందరపాటును అదుపుచేసే మెదడు ముందుభాగం దాదాపు 25 ఏళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది. గంజాయి జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ దెబ్బతీస్తుంది. చిన్న వయసులో మొదలుపెడితే వ్యసనమయ్యే ముప్పు ఎక్కువ. ఇవన్నీ పిల్లలు తమ మాటల్లో, తాళానికి సరిపడేలా రాసుకోవాలి. సైన్సు మాస్టారు సరిచూడాలి. పుర్రె బొమ్మలూ, బెదిరించే అబద్ధాలూ వద్దే వద్దు. ఒక్కటి అబద్ధమని తేలితే మిగతా నిజాలనూ పిల్లలు నమ్మరు.

అన్నట్టు, అలవాటుపడ్డవాణ్ణి కథలో దుర్మార్గుణ్ణి చెయ్యకండి. చూసేవాళ్లలో అలాంటివాడి చెల్లెలే కూర్చుని ఉండొచ్చు. మత్తు మానడానికి సాయపడే ఉచిత నంబరు 14446ను పాట చరణంలోనే కలిపి పాడించండి.