సంచిత వర్ణాలు

ఊలు అల్లే అలవాటున్నవాళ్ల ఇంట్లో ఒక పెట్టె ఉంటుంది. మనవడి టోపీకి తెచ్చి సగం మిగిలిన పసుపు ఉండ, చవగ్గా వస్తోందని కొని ఏళ్ల తరబడి ముట్టని చిలపలు, అల్లిక మానేసిన స్నేహితురాలు ఇచ్చి వెళ్లిన ఊదారంగు, ఎందుకు కొన్నారో ఇప్పుడు వాళ్లకే తెలియని నారింజ. కొత్త ఊలు కొనకుండా ఈ నిల్వతోనే రంగురంగుల స్వెట్టరు అల్లాలని కూర్చుంటే మొదటి చిక్కు సూదుల దగ్గర రాదు, పెట్టె దగ్గరే వస్తుంది. ఏది తియ్యాలి, ఏది ఉంచాలి, ఏది దేని పక్కన పెట్టాలి?

వేదాంతం కాస్త చదివినవాళ్లకు ఆ పెట్టె చూడగానే సంచితం తోచక మానదు. పూర్వం చేసినదంతా కూడి ఉన్నది సంచితం. అందులోంచి ఈ జన్మకని విడివడి ఫలమివ్వడం మొదలుపెట్టినది ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తూ కొత్తగా చేర్చుకుంటున్నది ఆగామి. అందరూ చదివిన విభాగమే ఇది. పోలిక ఇంత తేలిగ్గా కుదిరిందంటే నాకు అనుమానం వేస్తుంది. అది ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో చూడాలంటే అల్లికనే దగ్గరగా చూడాలి.

ఈ రకం అల్లిక ఒక దీవి పేరుతో లోకానికి తెలిసింది. స్కాట్లండుకు ఉత్తరాన, ఆర్క్‌నీ దీవులకూ షెట్లాండ్ దీవులకూ మధ్య సముద్రంలో ఫెయిర్ ఐల్ ఉంది. పొడవు ఐదు కిలోమీటర్లకు అటూ ఇటూ, జనం వందమంది కూడా ఉండరు. 1588లో స్పెయిను యుద్ధనౌక ఎల్ గ్రాన్ గ్రిఫోన్ అక్కడ పగిలిపోయిందనీ, ఆ నావికులే ఈ నమూనాలు నేర్పారనీ ఒక కథ ఉంది. ఓడ పగిలిన మాట నిజమే, నేర్పిన మాట చరిత్రకారులు ఒప్పుకోరు. 1922లో వేల్స్ యువరాజు సెయింట్ ఆండ్రూస్‌లో ఈ స్వెట్టరు వేసుకుని గోల్ఫ్ ఆడాక ఇది ఫ్యాషన్ అయింది. ఆ సంగతి మనకు అంత ముఖ్యం కాదు.

ముఖ్యమైనది రంగులు ఎక్కడినుంచి వచ్చాయన్నది. షెట్లాండ్ గొర్రెల ఉన్ని పుట్టుకతోనే తెలుపు, నలుపు, బూడిద, ఎర్రమట్టి ఛాయ గోధుమరంగు. ఆ చివరి దాన్ని అక్కడివాళ్లు మూరిట్ అంటారు. వీటికి తోడు బయటినుంచి రెండు రంగులు వచ్చాయి: మంజిష్ఠ జాతి వేరునుంచి ఎరుపు, నీలిమందునుంచి నీలం. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపాకు వెళ్లిన నీలిమందులో పెద్ద భాగం మన దేశానిదే. కడప సీమ సరుకు 'కర్పా' అనే పేరుతో విడిగా చలామణి అయ్యేది. ప్రకృతిని శ్వేతాశ్వతరోపనిషత్తు ఎరుపు, తెలుపు, నలుపు వర్ణాలు గలదిగా వర్ణించింది. ఛాందోగ్యం అగ్నికి ఎరుపు, నీటికి తెలుపు, అన్నానికి నలుపు ఇచ్చింది. ఉత్తర సముద్రంలో చలికి వణికే పల్లెవాళ్ల పెట్టెలోనూ ఆ మూడూ ఉన్నాయని మురిసిపోవడం సులువే కానీ, దాని మీద సిద్ధాంతం కట్టడం నాకిష్టం లేదు. ఏ దేశంలోనైనా తొలి రంగులు మనిషికి దగ్గర్లో దొరికేవే.

ఈ అల్లికకు ఒక నియమం ఉంది. స్వెట్టరు మొత్తంలో పది పన్నెండు రంగులున్నా, ఒక్కో వరుసలో రెండే నడుస్తాయి. ఒకటి పూవుకు, ఒకటి నేలకు. ఒక రంగుతో కుట్టు వేస్తున్నప్పుడు రెండోది తెగిపోదు, వెనకవైపున వదులుగా సాగుతూ తన వంతుకోసం ఉంటుంది. స్వెట్టరు తిరగేసి చూస్తే ఆ పోగులన్నీ అడ్డంగా పరుచుకుని కనిపిస్తాయి. ఫెయిర్ ఐల్ స్వెట్టరు అంత వెచ్చగా ఉండడానికి కారణం వెనకనున్న ఆ రెండో పొరే. పైకి కనపడని పోగు ఊరికే లేదన్నమాట.

యోగసూత్రాల కైవల్యపాదంలో పతంజలి కర్మకు రంగులు చెప్పాడు. యోగి కర్మ తెల్లదీ కాదు, నల్లదీ కాదు. మిగతావాళ్లది మూడు రకాలు: తెలుపు, నలుపు, రెండూ కలిసినది. ఆ వెంటనే వచ్చే సూత్రం నిల్వ గురించి. పాత అనుభవాలు మనసులో వదిలిన ముద్రలు వాసనలు. పండబోతున్న ఫలానికి వాటిలో ఏవి అనుగుణమో అవే పైకి వస్తాయి, తక్కినవి అడుగునే ఉంటాయి. దేవజన్మ ఇవ్వబోయే కర్మ పశుజన్మకు తగిన వాసనలను లేపదని వ్యాసభాష్యం వివరించింది. ఆ తరవాతి సూత్రం ఇంకా సూక్ష్మం. జన్మ, దేశం, కాలం ఎంత అడ్డొచ్చినా వాసనల మధ్య ఎడం ఉండదు. నూరు జన్మల కిందట పిల్లిగా పుట్టి కూడబెట్టుకున్న వాసన మళ్లీ పిల్లి జన్మ రాగానే నిన్నటిదానిలా పక్కకు వచ్చి నిలబడుతుందట. పిల్లి ఉదాహరణ భాష్యకారుడిదే, ఊలుండ కోసం నేను తెచ్చింది కాదు.

పెట్టె ముందు కూర్చున్నప్పుడు జరిగేది ఇదే. నమూనా స్థిరపడేదాకా అన్ని ఉండలూ సమానంగా పిలుస్తుంటాయి. షట్కోణాలూ గుణకారపు గుర్తులూ వరుసగా వచ్చే పాత నమూనా అల్లుదామని అనుకోగానే, పెట్టెలో సగం వాటంతటవే వెనక్కి తగ్గుతాయి. వేరు వేరు ఊళ్లలో, వేరు వేరు ఏళ్లలో కొన్న రెండు ఉండలు ఒకే వరుసలో అంటుకుని కూర్చుంటాయి. మధ్య గడిచిన కాలం కుట్లలో ఎక్కడా కనిపించదు.

ఇక్కడినుంచే అసలు కష్టం. చాలామంది రంగును దాని అందాన్ని బట్టి ఎంచుతారు. ఎర్రది బాగుంది, ఆకుపచ్చ బాగుంది, రెండూ కలిపితే ఇంకా బాగుంటుందని లెక్క. పది వరుసలు అల్లాక పూవులన్నీ నేలలో కలిసిపోయి కంటికి ఆనవు. కారణం తెలుసుకోవాలంటే ఫోనులో నలుపు-తెలుపు ఫోటో తియ్యాలి. చేతిలో పగలూ రాత్రీలా వేరుగా ఉన్న ఎరుపు, ఆకుపచ్చలు ఫోటోలో ఒకే బూడిదరంగు ముద్దగా కనిపించవచ్చు. రెండిటి ముదురు ఒక్కటే. రంగు వేరు, ముదురు-లేతలు వేరు. నమూనా కంటికి విడిగా తెలిసేది ప్రధానంగా ఈ రెండోదాని వల్ల. అనుభవమున్న చేతులకు ఫోటో కూడా అక్కర్లేదు, కళ్లు సగం మూసి చూస్తారు. నచ్చడం కాసేపు పక్కకు పోయి తేడా ఒక్కటే మిగులుతుంది. వివేకానికి వేదాంతులు చెప్పే లక్షణం ఇంతకంటే ఎక్కువేమీ కాదు. వస్తువును మార్చదు, కొత్తది తేదు, కలగలిసి కనిపిస్తున్నవాటిని విడిగా చూపుతుంది.

ముదురు-లేతలే కాదు, పక్కనున్న రంగు కూడా లెక్కలోకి వస్తుంది. పారిస్‌లో గోబెలిన్ నేతశాల ఉంది. 1824లో అక్కడి అద్దకాల విభాగానికి షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. నల్ల దారం సరిగా నలుపెక్కడం లేదని, నీలం, ఊదా పక్కన వెలవెలబోతోందని ఫిర్యాదులుండేవి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగులు నలుపును అలా కనిపించేలా చేస్తున్నాయి. ఏ రంగూ తనంత తాను కనిపించదని, పొరుగును బట్టి మారి కనిపిస్తుందని 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. నూటరెండేళ్లు బతికాడు కాబట్టి ఆ మాట చిత్రకారులు పట్టుకుని పండగ చేసుకోవడం కూడా చూశాడు.

మన పెద్దలు దాసానిపువ్వు పక్కన స్ఫటికం చెప్పారు. పువ్వు ఎరుపు స్ఫటికంలో ఉన్నట్టు తోస్తుంది. ఆత్మకు అంతఃకరణ ధర్మాలు అలాగే అంటినట్టు కనిపిస్తాయని తాత్పర్యం. షెవ్రుల్ చూపింది దానికి చుట్టం కాని, అదే కాదు. స్ఫటికానికి సొంత రంగు లేదు. నల్ల దారానికి ఉంది, ఉండి కూడా పొరుగు చేతుల్లో పడింది. స్ఫటికం సాక్షి అయిన ఆత్మ సంగతి చెబుతుంది, నల్ల దారం మనసులోని వాసనల సంగతి చెబుతుంది. రెండూ కలిపేస్తే చిక్కు. సాధకుడు 'నేను నిర్మలుణ్ని' అనుకున్నంత మాత్రాన కోపపు వాసన రంగు వదిలిపోదు. అది ఉన్నదే, ముదురుగానే ఉన్నది. దాని పక్కన ఏది పెట్టామన్నదే ప్రశ్న.

పతంజలి ప్రతిపక్ష భావన అన్నది దీనికే పనికొస్తుందని నాకనిపిస్తుంది. హింస, అసత్యం వంటి వితర్కాలు బాధిస్తున్నప్పుడు వాటికి ఎదురైనదాన్ని భావించమన్నాడు. ఉన్నదాన్ని చెరిపెయ్యమనలేదు. ఉపదేశాలు వినేవాళ్లలో ఎక్కువమంది చెరపడానికే పెనుగులాడతారు, పెట్టె బోర్లించి పారబోస్తే గాని శాంతి లేదనుకుంటారు. అల్లేవాళ్ల తెలివి వేరు. ఒంటరిగా మురికిలా కనిపించే ఆవపిండి రంగును ఎవరూ ఇష్టపడరు. ముదురు నీలం నేల మీద ఒకే ఒక్క వరుస వేస్తే, నమూనా నడుమ వెలిగేది అదే. అదే రంగు నాలుగు వరుసలు సాగితే మళ్లీ మురికే. పాళ్లు తెలియాలి.

ఇంకొకటి, పట్టుగా అల్లేవాళ్లకే తెలిసిన కిటుకు. వెనకవైపు నడిచే రెండు పోగుల్లో ఏది కిందినుంచి వస్తుందో దాని కుట్లు రవ్వంత పెద్దవిగా పడి, ముందువైపు ఆ రంగు పైచేయి అవుతుంది. అందుకే పూవు రంగును ఎప్పుడూ కిందనే నడపాలి, మధ్యలో మార్చకూడదు. మారిస్తే ఊలు అదే, రంగు అదే, నమూనా మాత్రం ఒకచోట తేలి ఒకచోట మునిగినట్టుంటుంది. జపం చేసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పైకి ఏ పని నడుస్తున్నా, అడుగున నడిచేది ఏదో మనిషి ముఖం మీద అదే కనిపిస్తుంది.

పోలిక తెగే చోటు ఇక చెప్పాలి. పెట్టెలోంచి ఊలు తీసేది నేను. సంచితంలోంచి ప్రారబ్ధాన్ని విడదీసేది నేను కాదు. ఫలం ఈశ్వరుడివల్ల వస్తుందని బ్రహ్మసూత్రాలు తేల్చాయి, ధర్మమే ఇస్తుందన్న జైమిని మతాన్ని పక్కన ఉంచి మరీ. ఈ దేహం, ఈ తల్లిదండ్రులు, ఈ కాలం, ఇవన్నీ సూదుల మీదికి ఎక్కి వచ్చిన వరుసలు. జ్ఞానం కలిగినా ఆరంభమైన ఫలం ఆగదని శంకరులు కూడా ఒప్పుకున్నారు. మరి ఎంపిక ఎక్కడ?

అల్లిక దీనికి జవాబు చూపుతుంది, పెట్టె చూపదు. ఎక్కిన వరుస రంగు మారదు. కానీ దాని పైన తరవాతి వరుస పడగానే అది కంటికి మారుతుంది. నిన్న సాయంత్రం బరువుగా, ముదురుగా తోచిన గోధుమరంగు, ఇవాళ దాని మీద నలుపు పడేసరికి లేతగా, వెచ్చగా కనిపిస్తుంది. దాన్ని ఎవరూ తాకలేదు. గతం మీద మనిషికి అధికారం ఉన్నది ఇంతమేరకే, ఇది తక్కువేమీ కాదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడి ముందు దైవాన్ని పక్కకు నెట్టి పౌరుషాన్ని అంతగా నిలబెట్టడం చూసి నేను చాలాకాలం అతిశయోక్తి అనుకున్నాను. దైవమంటే పూర్వపు పౌరుషమే అని ఆయన వాదం. అల్లిక భాషలో అయితే, కింది వరుస కూడా ఒకప్పుడు చేతిలోని వరుసే.

చివరికి స్వెట్టరు పూర్తయింది. దాని రంగేమిటి? ఇది పిల్లల ప్రశ్న కాదు, న్యాయశాస్త్ర పండితులైన నైయాయికులు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో రూపాలు, అంటే రంగులు, ఏడని చెప్పాడు: తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం, చిత్రం. ఆ ఏడోదాని మీదే, దానికి తానే రాసిన దీపిక వ్యాఖ్యలో వాదం పెట్టాడు. వేరు వేరు రంగుల దారాలతో నేసిన బట్టలో ఉన్నవి ఆయా దారాల రంగులేనంటే, బట్టకు తనదైన రూపం లేకుండా పోతుంది. రూపం లేనిది కంటికి కనపడదు. బట్ట కనపడుతోంది. కాబట్టి చిత్రం అనే ఒక రంగు, బట్టంతా వ్యాపించి ఉన్నది, ఒప్పుకుని తీరాలి. నవద్వీపపు రఘునాథ శిరోమణి దీన్ని ఒప్పుకోలేదు. రూపం బట్టంతా పరచుకోవాలనే నియమమే అక్కర్లేదన్నాడు. ఒక చోట నీలం, ఒక చోట పసుపు ఉంటే చాలు.

స్వెట్టరు తిరగేసి వెనకనున్న పోగులు చూస్తే నాకు రఘునాథుడే గెలిచాడనిపిస్తుంది. ఏ పోగూ తన రంగు వదులుకోలేదు. ఒక మనిషిలో ఉన్న తండ్రి కోపం, అమ్మ ఓర్పు, చిన్ననాటి భయం అన్నీ కలిసి 'స్వభావం' అనే ఎనిమిదో రంగు ఒకటి పుట్టిందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. అది ఉందనుకోవడం వల్లే కదా 'నా స్వభావమింతే' అని తప్పించుకోవడం. అన్నంభట్టు మాత్రం ఊరుకోడు, మరి ఆ ఒకటి అన్న తలపు ఎక్కడినుంచి వచ్చిందని నిలదీస్తాడు. అది బట్టలోంచి రాలేదు, చూసే చూపులోంచి వచ్చిందని వేదాంతి చెబుతాడు. నైయాయికుడు దానికీ ఒక దోషం చూపించకపోడు, ఆ వాదం కాశీలో ఆ రోజుల్లో ఎలా సాగి ఉండేదో వినాలని ఉంటుంది నాకు.