మద్యానికి న్యాయమైన ధర ఉందా?

2024 అక్టోబరులో ఒక పట్టణంలో స్త్రీల ధార్మిక సమావేశం జరిగింది. ప్రసంగం ముగిశాక పరదా అవతలి నుండి ప్రశ్నల చీటీలు వచ్చాయి. నమాజు గురించి, జకాత్ గురించి అడిగిన చీటీల మధ్య పెన్సిలుతో ఉర్దూలో రాసిన ఒక చీటీ కనిపించింది. దాని సారాంశం ఇది: "మౌలానా సాబ్! ఇప్పుడు క్వార్టర్ సీసా 99 రూపాయలకే దొరుకుతోంది. 'ఇక రోజూ ఇంటికి ఎంతో కొంత మిగులుతుంది, అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకో' అంటున్నారు మా ఇంటాయన. షుక్ర్ చెప్పమంటారా?"

ఆ రోజు మేము రెండు ముక్కల్లో జవాబు చెప్పి ముగించాం. హరామ్ వస్తువు చవకైనా హరామే, ప్రియమైనా హరామే, సబ్ర్ చేయండి, దుఆ చేయండి అన్నాం. చెప్పిన మాటలో తప్పు లేదు. కాని ఆ సోదరి అడిగింది అది కాదు. మద్యం హరామ్ అన్న సంగతి ఆమెకు మాకన్నా బాగా తెలుసు. దాని చేదును రోజూ దిగమింగుతున్నది ఆమే కదా! ఆమె అడిగింది ధర గురించి. ప్రభుత్వం మద్యం ధర పెంచితే మనం సంతోషించాలా? తగ్గిస్తే సంతోషించాలా? లేక రెండూ మనకు సంబంధం లేని విషయాలేనా? ఇంటికి వచ్చాక ఆ చీటీ మమ్మల్ని వదలలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ధర నిర్ణయించే హక్కు

మహాప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో ఒకసారి మదీనాలో ధరలు పెరిగాయి. ప్రజలు వచ్చి, తమ కోసం ధరలు నిర్ణయించమని ఆయన్ని కోరారు. ఆయన అంగీకరించలేదు. ధరలూ ఉపాధీ అల్లాహ్ చేతిలో ఉన్నాయన్నారు. ధనం విషయంలోగాని, రక్తం విషయంలోగాని తన మీద ఎవరి ఫిర్యాదూ లేకుండా ప్రభువును కలుసుకోవాలని ఆశిస్తున్నానని చెప్పారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది.

దీన్నిబట్టి వ్యాపారి ఇష్టపడని ధరను అతని మీద బలవంతంగా రుద్దటం అన్యాయమని పండితులు గ్రహించారు. అయితే ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) తన 'అల్ హిస్బా' గ్రంథంలో ఒక వివరణ ఇచ్చారు. ప్రజలకు అవసరమైన సరుకును వ్యాపారులు పట్టి ఉంచి వారిని పీడిస్తుంటే, న్యాయమైన ధరకు అమ్మమని పాలకుడు ఆజ్ఞాపించవచ్చు. ఒకచోట వ్యాపారి హక్కు, మరోచోట కొనేవాడి హక్కు. ధరల చర్చ అంతా ఈ రెండు హక్కుల మధ్యే నడుస్తుంది.

ఈ రెండింటికీ పునాది ఒక్కటే. ఆ సరుకుకు విలువ ఉండాలి. బియ్యానికి, నూనెకు, మందుకు విలువ ఉంది గనుక వాటికి న్యాయమైన ధర అనే మాట చెల్లుతుంది. మరి మద్యానికి?

యతీముల మద్యం

హజ్రత్ అబూ తల్హా (రజి) సంరక్షణలో కొందరు యతీములు ఉండేవారు. వారికి వారసత్వంగా మద్యం వచ్చింది. అంతలో మద్యనిషేధ ఆజ్ఞ అవతరించింది. ఏం చేయమంటారని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. పారబోయమన్నారు. పోనీ, సిర్కా చేసుకోవచ్చా అని అడిగారు. వద్దన్నారు.

ఒక్క క్షణం ఆలోచించండి. యతీముల సొమ్ము విషయంలో దివ్యఖుర్ఆన్ చేసినంత గట్టి హెచ్చరిక మరే సొమ్ము విషయంలోనూ అరుదుగా కనిపిస్తుంది. అన్యాయంగా దాన్ని తినేవారు తమ కడుపుల్లో అగ్నిని నింపుకుంటున్నారని సూరా నిసా తెలియజేస్తోంది. అంతటి సొమ్ము కూడా మద్యం రూపంలో ఉన్నప్పుడు వీధిపాలైంది. అంటే ముస్లిం దృష్టిలో అది సొమ్మే కాదు. ఒక ముస్లిం దగ్గరున్న మద్యానికి వెల కట్టదగిన విలువ లేదని ఫుఖహాలు చెప్పింది ఇందుకే. (ముస్లిమేతరుల మద్యం సంగతి వేరు. దాన్ని ఒక ముస్లిం పాడుచేస్తే పరిహారం చెల్లించాలని హనఫీ ఫిఖహ్ అంటుంది. కనుక ఎవరి దుకాణం మీదో పడి సీసాలు పగలగొట్టే హక్కు మనకు లేదు.)

విలువే లేనిదానికి న్యాయమైన ధర ఉండదు. కాబట్టి "పేదవాడికి చవకగా మద్యం అందాలి" అనే కోరిక ఒక ముస్లిం నోట రాకూడదు. దాన్ని హక్కు అనటం విషాన్ని చవకగా ఇమ్మని అడగటం లాంటిది. ఇంతవరకు దారి తేటగానే ఉంది. చిక్కు ఇక్కడి నుండి మొదలవుతుంది. చవక చెడ్డదైతే ప్రియం మంచిదేనా?

ప్రియమైతే ఏమవుతుంది?

దీనికి మన రాష్ట్రమే ఒక ఉదాహరణ. 2019 అక్టోబరు నుండి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. 2020 మే నెలలో లాక్‌డౌన్ తర్వాత దుకాణాలు తెరిచినప్పుడు రెండు విడతల్లో మొత్తం 75 శాతం ధరలు పెంచారు. తాగేవారిని నిరుత్సాహపరచటానికే పెంచామన్నారు. 2024 అక్టోబరులో కొత్త ప్రభుత్వం దుకాణాలను మళ్ళీ ప్రైవేటు వారికి అప్పగించి, 180 మిల్లీలీటర్ల సీసాను 99 రూపాయలకు తెచ్చింది. ఒకరు పెంచారు, ఒకరు తగ్గించారు. ఇద్దరూ పేదవాడి పేరే చెప్పారు.

దూరదేశంలో స్కాట్లాండ్ మరో దారి పట్టింది. అక్కడ బార్లలో సాయంత్రం ఒక గంటసేపు సగం ధరకు పోసి జనాన్ని రప్పించే పద్ధతిని 2009లో అమల్లోకి వచ్చిన చట్టం అడ్డుకుంది. బారులో ఒకసారి ధర పెడితే 72 గంటలపాటు దాన్ని మార్చకూడదు. తర్వాత 2018 మే నుండి ఒక కనీస ధర పెట్టారు. 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలుకు 50 పెన్నీల కన్నా తక్కువకు ఎవరూ అమ్మకూడదు. 2024 సెప్టెంబరు 30 నుండి దాన్ని 65 పెన్నీలు చేశారు. బార్లలో ధరలు ముందే అంతకంటే ఎక్కువ గనుక ఈ నియమం ముఖ్యంగా దుకాణాల్లోని చవక సీసాల మీద పనిచేసింది.

ఫలితం ఏమిటి? ఈ నియమం లేకపోతే ఎంతమంది చనిపోయేవారో అంచనా వేసి పోల్చిచూస్తే, కేవలం మద్యం వల్ల సంభవించే మరణాలు 13 శాతానికి పైగా తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో తేల్చింది. ఇది చిన్న విషయం కాదు. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవుల్ని కాపాడటంతో సమానమని నమ్మే మనం దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

కాని ఆ పరిశీలనలోనే మరో మాట కూడా ఉంది. తక్కువ ఆదాయంతో బతుకుతూ మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో కొందరు తాగటం తగ్గించలేదు. తిండి ఖర్చు తగ్గించుకున్నారు. ధర పెంచటం అలవాటు ఇంకా ముదరనివాణ్ణి ఆపుతుంది. ముదిరినవాడు మాత్రం సీసా కోసం పొయ్యి మీది అన్నాన్ని అమ్ముకుంటాడు. అంతకన్నా ఘోరం కూడా జరుగుతుంది. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, లాక్‌డౌన్ వల్ల దుకాణాలు మూసి ఉన్నప్పుడు, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

చిన్న కీడు, పెద్ద కీడు

రెండు కీడులు ఎదురైనప్పుడు, రెండింటినీ తప్పించుకోవటం సాధ్యం కానప్పుడు తేలికైనదాన్ని భరించాలన్నది ఫిఖహ్ నియమం. దీనికి ఒక ప్రసిద్ధ సంఘటన ఉంది. తాతారులు దమస్కస్ మీదికి వచ్చిన రోజుల్లో వారిలో కొందరు మద్యం తాగుతూ కూర్చున్నారు. ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) వెంట ఉన్నవారు వారిని మందలించబోయారు. ఆయన వారించారు. మద్యం మనిషిని దైవస్మరణ నుండి ఆపుతుందని అల్లాహ్ నిషేధించాడు, వీరినైతే అది హత్యల నుండి, దోపిడీల నుండి ఆపుతోంది, వదిలేయండి అన్నారు. ఆయన శిష్యుడు ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) దీన్ని రాసిపెట్టారు. ఆయన మద్యాన్ని హలాల్ చేయలేదు. ఆ క్షణంలో ఏది ఎక్కువ హాని చేస్తుందో తూచారు.

ఆ తూకం ప్రకారం, నిషేధం లేని చోట చవక మద్యం కన్నా ప్రియమైన మద్యమే చిన్న కీడని మేము భావిస్తున్నాం. కొత్తగా మొదలుపెట్టే కుర్రవాడి చేతికి అది అంత సులువుగా అందదు. అయినా చిన్న కీడు కీడే. దాన్ని మెట్టుగా వాడుకోవాలి, ఇల్లుగా చేసుకోకూడదు. దివ్యఖుర్ఆన్ కూడా మద్యాన్ని ఒక్కరోజులో నిషేధించలేదు. మొదట అందులో లాభం కన్నా పాపమే పెద్దదని సూరా బఖరా (219) తెలిపింది. తర్వాత మత్తులో నమాజు దగ్గరకు రావద్దని సూరా నిసా (43) ఆజ్ఞాపించింది. చివరికి సూరా మాయిదా (90, 91) దాన్ని పూర్తిగా నిషేధించింది. ప్రతి మెట్టూ తర్వాతి మెట్టు వైపే తీసుకెళ్ళింది.

మరి ప్రభుత్వాల ధర ఎటు తీసుకెళ్తోంది? దీన్ని తెలుసుకోవటానికి ఎవరి హృదయాన్నీ చీల్చి చూడనక్కర్లేదు. అమ్మకాలు తగ్గిన సంవత్సరం సంతోషిస్తున్నారా, ఖజానాకు నష్టం వచ్చిందని దిగులుపడుతున్నారా అన్నది చూస్తే చాలు. మద్యనిషేధానికి కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణంలోనే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో కదిలితే 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. పెంచిన ధర ఖజానాకు అలవాటైపోతే, తాగేవాడి కన్నా పెద్ద బానిస ఆ ఖజానాయే అవుతుంది. స్కాట్లాండ్‌లోనైతే కనీస ధర వల్ల అదనంగా వచ్చే డబ్బు పన్ను కాదు, అమ్మేవారికే పోతుంది.

ఇతరులను వేలెత్తి చూపటంతో సరిపోదు. మద్యం విషయంలో పదిమందిని శపించిన హదీసులో అమ్మేవాడు, మోసేవాడు, దాని వెల తినేవాడు కూడా ఉన్నారు. ఎక్కువ అద్దె వస్తుందని బారుకు తన షట్టరు ఇచ్చి, ఆ అద్దెలోంచి మస్జిదుకు చందా రాసే పెద్దమనిషి కూడా ఈ హదీసు ముందు నిలబడి ఆలోచించుకోవాలి. ఆ చందాకు రసీదు రాసే మేమూ ఆలోచించుకోవాలి.

ఆ సోదరికి మా జవాబు

ఆపా! ఆ రోజు మీకు సగం జవాబే చెప్పాం, క్షమించండి. సీసా చవకైనందుకు షుక్ర్ చెప్పనక్కర్లేదు. షుక్ర్ నేమతుకు చెబుతారు, ఇది నేమతు కాదు. ఒక సీసా డబ్బుకు రెండు సీసాలు వస్తే ఇంటికి మిగిలేదేమీ ఉండదని మీకు తెలుసు. అలాగని ధర పెరగాలని దుఆ చేయమని కూడా మేము చెప్పలేం. పెరిగితే కోత ముందుగా పడేది మీ పిల్లల కంచంలోనే కావచ్చు. ధర ఎలా ఉన్నా మీ ఇంటి భారం మీ ఒక్కరి మీద వదిలేయటం మహల్లా చేసిన తప్పు.

మీ సంపాదన మీ హక్కు. దాన్ని దాచుకోవటం భర్తకు అవిధేయత కాదు. అవసరంలో ఉంటే జకాత్ సొమ్ము మీ చేతికి, మీ పిల్లల చేతికి చేరాలి, ఆయన చేతికి కాదు. ఆయన మానేస్తానన్న రోజు ఒంటరిగా గదిలో పెట్టి తలుపు వేయకండి. ఏళ్ళ తరబడి తాగినవాడు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. తోడుగా వెళ్ళవలసింది మస్జిదు కమిటీ పెద్దలు, మాలాంటి మౌల్వీలు.

మద్యం తాగి పదేపదే శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపిస్తే దైవప్రవక్త (స) వారించారు. అతను అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమిస్తున్నాడని చెప్పారు. శిక్ష ఆగలేదు, అతని మీద ఆశ కూడా వదులుకోలేదు. మీ ఇంటాయన విషయంలో మేమూ ఆశ వదులుకోం. ఆయన్ని మస్జిదు గుమ్మం దాకా తీసుకురావటానికి మీ మహల్లా నుండి ఇద్దరు మనుషులు లేచిన రోజున, సీసా ధర ఎంతో అడగవలసిన అవసరం మీకు ఉండదు. ఆ ఇద్దరినీ లేపమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాం. ఆమీన్.