రెండు తీగలు

ఒక పంటి వైద్యురాలి బల్ల సొరుగులో రెండు తీగలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి స్టెయిన్‌లెస్ స్టీలు. రెండోది నికెల్, టైటానియం కలిసినది. నికెల్ ఇద్దరిలోనూ ఉంది కాబట్టి అన్నదమ్ముల వరస కలుపుకున్నారు. స్టీలు పెద్దవాడు. తమ్ముడు పుట్టింది 1960 ప్రాంతంలో, అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో, విలియం బ్యూలర్ అనే లోహ శాస్త్రవేత్త చేతిలో. 1970లలో జార్జ్ ఆండ్రియాసెన్ అనే దంతవైద్యుడు అతన్ని పళ్ళ దగ్గరికి తీసుకొచ్చారు.

అన్నకు తన బిగువు చూసుకుని గర్వం. "నన్ను వంచాలంటే నీకు పెట్టే బలానికి నాలుగైదు రెట్లు పెట్టాలి. పటకారుతో ఎలా మలిస్తే అలా నిలుస్తాను. నువ్వో? దారంలా ఎటు లాగితే అటు పోతావు, వదలగానే మొదటికొస్తావు. నీకు నిలకడేదిరా?" అనేవాడు. తమ్ముడు మాట్లాడేవాడు కాదు.

ఒకరోజు పన్నెండేళ్ళ అమ్మాయి వచ్చింది. పై కోరపన్ను వరస తప్పి, చిగురు మీదికి ఎత్తుగా మొలిచింది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. చోటు కోసం పక్కనున్న చిన్న దవడపన్ను తీశారు. శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు క్లిప్పులు అతికించి, గట్టి తీగైతే తొందరగా లాగుతుందనుకుని స్టీలునే బిగించి కట్టాడు.

వారం తిరక్కముందే అమ్మాయి కళ్ళనీళ్ళతో వచ్చింది. పెరుగన్నం తప్ప ఏదీ నమలలేకపోయిందట. పన్ను వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తీగే వంగిపోయి ఉంది.

వైద్యురాలు తీగ విప్పి కుర్రవాడికి చూపించింది. "పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు బాబూ. వేరు చుట్టూ మిల్లీమీటరులో ఐదో వంతు మందాన మెత్తటి పొర ఉంటుంది. మెల్లగా నొక్కితే నొక్కిన వైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక పడుతుంది. పన్నును వాల్చి జరపడానికి 35 నుంచి 60 గ్రాముల బలం చాలు. ఒక కోడిగుడ్డు బరువు. అంతకు మించి నొక్కితే ఆ పొరలో రక్తనాళాలు మూసుకుపోయి కణాలు చచ్చిపోతాయి. అవి తొలగేదాకా పన్ను కదలదు. నువ్వు తొందరపడ్డకొద్దీ అది ఆలస్యం చేస్తుంది."

"మరి ఇంత గట్టి తీగ ఎందుకు వంగిపోయింది మేడమ్?"

"హద్దు దాటి వంచితే స్టీలులో పరమాణువుల వరసలు జారి కొత్త చోట కూర్చుంటాయి. ఇక వెనక్కి రావు. నూటికి ఒక వంతు సాగకముందే ఆ హద్దు వచ్చేస్తుంది. ఈ రెండో తీగలో పరమాణువులు ఇరుగుపొరుగును వదలవు. వరసకు వరసే ఒరుగుతుంది, గాలికి వరిచేను ఒరిగినట్టు. బలం తీస్తే మళ్ళీ లేచి నిలబడుతుంది. నూటికి ఎనిమిది వంతుల దాకా సాగినా తిరిగొస్తుంది."

కొన్నాళ్ళు ఆగి తమ్ముణ్ణి కట్టింది. ఎత్తున ఉన్న కోరపన్ను దాకా తీగ విల్లులా వంగి, క్లిప్పు గాడిలో కూర్చుంది. రెండు రోజులు పన్ను సలిపింది. మూడో రోజు అమ్మాయి చపాతీ తింది. తీగ తిన్నబడుతున్నకొద్దీ పన్ను దిగుతూ వచ్చింది, లాగే బలం మాత్రం పెద్దగా తగ్గలేదు. నెలలు గడిచాయి. కోరపన్ను వరసలోకి వచ్చింది.

ఇప్పుడు తమ్ముడికి గర్వం వచ్చింది. "చూశావా అన్నా! మిగిలిన పని కూడా నేనే చేస్తాను."

మిగిలింది, పన్ను తీసిన చోట ఖాళీ. అది మూయడానికి రబ్బరు కట్టగానే తమ్ముడు కుంగాడు. రెండు వైపుల పళ్ళూ ఖాళీలోకి ఒరగసాగాయి. వైద్యురాలు అతన్ని విప్పి, మందపాటి స్టీలు తీగను ఎక్కించింది. పళ్ళు పట్టాల మీద బండిలా దాని మీద నిటారుగా జరిగి, ఖాళీ మూసుకుంది. చివరి సవరణలకు ఆమె పటకారుతో ఎక్కడ ఎంత మలిచిందో స్టీలు అక్కడ అంతే నిలిచింది.

సొరుగులో తమ్ముడు తలవంచుకున్నాడు. "నువ్వు లేకపోతే నేను చేసిందంతా ఒరిగిపోయేది అన్నా."

"నువ్వు ముందు దారి తియ్యకపోతే నాకు ఆ పంటి దగ్గరికి చేరే యోగమే లేదురా" అన్నాడు స్టీలు. అన్నదమ్ముల మధ్య మళ్ళీ ఆ వాదం రాలేదు.

నీతి: వంకర తీర్చాలనుకునేవాడు ముందు తాను వంగాలి, తీరాక తాను నిలబడాలి.

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ పిల్లల మీద బెత్తం ఎత్తే పెద్దలు ఆ కోరపన్నును గుర్తు చేసుకోవాలి. బలం ఎక్కువైన చోట ఎదుగుదల ఆగిపోతుంది. బిడ్డ ఎక్కడుందో అక్కడిదాకా వంగి వెళ్ళండి, గుడ్డు బరువంత బలంతో విడవకుండా పట్టుకోండి. దారిలోకి వచ్చాక మాత్రం స్టీలులా ఆమె పక్కన నిలవండి.