త్రాసులో బిడ్డ



ఆ మధ్య మేము పటమటలో ఒక యింటికి ప్రార్థనకు వెళ్లితిమి. నాల్గవ తరగతి పిల్లవాడు తలుపుమూల నిలువబడి యేడ్చుచుండెను. బడినుండి వచ్చిన పఠన పరీక్ష కాగితములో "పర్సంటైల్ 40" అని యుండగా, తండ్రి దానిని నూటికి 40 మార్కులని తలచి కొట్టెను. మేమును అట్లే తలచి, "శ్రద్ధగా చదువుము, నాయనా" అని బుద్ధి చెప్పి వచ్చితిమి. పిమ్మట ఒక ఉపాధ్యాయురాలు దాని భావము వివరింపగా సిగ్గుపడితిమి.

పర్సంటైల్ అనగా మార్కు కాదు, వరుసలో చోటు. అదే తరగతి పిల్లలను నూరుగురిని నిలువబెట్టినచో, వీడు సుమారు 40 మందికంటె మెరుగుగా చదివెనని అర్థము. నడిమి గుంపులోని వాడే. అదియుగాక, అదే బిడ్డకు మరియొక దినమున ఆ అంకె కొంత హెచ్చవచ్చును, తగ్గవచ్చును. జ్వరము, బెదురు, నిద్రలేమి త్రాసును కదల్చును.

అయితే పరీక్షలు వ్యర్థమందుమా? అట్లనరాదు. ప్రథమ్ సంస్థవారు 2005లో ఆరంభించిన అసర్ సర్వేలో, పల్లెలలో ఇంటింటికి వెళ్లి బిడ్డచేత అక్షరములు, పదములు, ఒకటవ తరగతి పేరా, రెండవ తరగతి కథ చదివింతురు. 2024లో మన దేశపు పల్లెలలోని అయిదవ తరగతి పిల్లలలో సగముమందికైనను ఆ కథ చదువుట రాలేదు. బడికి పోవుట వేరు, చదువు వచ్చుట వేరని ఆ లెక్కయే మనకు చూపినది.

దొంగతూకమును గూర్చి సామెతల గ్రంథము గట్టిగా హెచ్చరించుచున్నది. తక్కువ వచ్చిన అంకెను దాచుట తప్పుడు తూకము. ఆ అంకెయే బిడ్డ విలువ యనుకొనుటయు తప్పుడు తూకమే. కాటా ధాన్యపు బరువు చెప్పును గాని, ఆ గింజ మొలకెత్తునో లేదో చెప్పదు.

కావున కాగితము వచ్చినప్పుడు కర్ర తీయకుడి. ఇది మార్కా, వరుసలో చోటా? బిడ్డ తడబడినది అక్షరములోనా, పదములోనా, భావములోనా? అని ఉపాధ్యాయుని అడుగుడి. ఆ రాత్రి బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక చిన్న కథ చదివించి వినుడి.

మేము తిరిగి ఆ యింటికి వెళ్లి, తండ్రి యెదుటనే పిల్లవానిని క్షమాపణ అడిగితిమి. వాడు మారు మాటాడక లోపలికి పోయి, తన వాచకము తెచ్చి మాకు చదివి వినిపించెను. రెండుచోట్ల తడబడెను. తండ్రి వాని వీపుమీద చేయి వేసి, చివరివరకు వినెను.