విడిచిన చేప

స్కాట్లండు దేశమందలి టే నదిలో సాల్మన్ మత్స్యముల వేట అక్టోబరు 15తో ముగియును. ఈ మత్స్యము నదిలో పుట్టి, సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై మరల నదికి వచ్చును. ఏటిలో ప్రవేశించిన పిమ్మట సాధారణముగా ఆహారము ముట్టదు; ఐనను, కోపముననో అలవాటుననో, ఎరను నోట కరచును. ఆకలి లేని చేపను ఆకలి లేని మనుజుడు వినోదమునకై గాలమున బట్టి తిరిగి నీట విడుచుట నేడచట మర్యాద. ఇది దయయేనా?

చంపుటకంటె మేలే, సందేహము లేదు. కాని భాగవతము అష్టమస్కంధమున సత్యవ్రత రాజర్షియు కృతమాలా నదిలో తర్పణము చేయుచు, దోసిట బడిన చేపపిల్లను నీటనే విడిచినాడు. అది సంతోషింపలేదు, క్రూర జలచరముల పాలు చేసెదవేమని దీనముగ ప్రశ్నించినది. అంతట రాజు దానిని తన కలశమున నుంచుకొని ఆశ్రమమునకు గొనిపోయెను.

టే నదికి చేరు ఏరులపై ఆనకట్టలు గలవు; వేసవిలో నీరును వేడెక్కుచున్నది. గాలము చుట్టిపెట్టి ఇల్లు చేరిన వానిని ఆ చేపపిల్ల ప్రశ్న అడుగకుండునా?